ఇంటి మీద బెంగ పెట్టుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పవచ్చా?

బాబూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీది పలాస దగ్గర పల్లె. పదో తరగతి అయ్యాక హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరావు. మొదటి రెండు నెలలూ రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడ్చావు. దసరాకి ఇంటికెళ్లి ఇక రానని మొండికేస్తే నాన్న వెంటబెట్టుకొచ్చి దింపి వెళ్లారు. తర్వాత మెల్లగా కుదురుకున్నావు. ఇప్పుడు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్ల ప్రవేశ పరీక్ష యూజీఈఈకీ, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు పెట్టావు. రెండు చోట్లా పరీక్షలో నెగ్గినవాళ్లకి ఇంటర్వ్యూ ఉంటుంది. "ఇంటికి దూరంగా ఉండగలవా?" అని అడిగితే జరిగింది చెప్పాలా, "నాకేం ఇబ్బంది లేదు సర్" అనేసి ఊరుకోవాలా అన్నది నీ సందేహం. "అబ్బాయిని, ఏడ్చానని చెబితే చులకనైపోనా" అని కూడా రాశావు.

జరిగిందే చెప్పు. చులకన కావు.

నేను ఈ నగరంలోనే ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, చాలా ఏళ్లుగా అడ్మిషన్ ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే వైపు కూర్చుంటున్నాను. నువ్వు వెళ్లబోయే రెండు చోట్లా నేను ప్యానెల్‌లో లేను, అందుకే వాళ్లు మార్కులు ఎలా వేస్తారన్న దాని జోలికి పోను. కానీ ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో, ఎలాంటి జవాబు వింటే మాకు ఈ పిల్లవాడు నిలబడతాడని అనిపిస్తుందో నాకు బాగా తెలుసు.

ముందు ఎందుకు అడుగుతారో చూద్దాం. మొదటి సెమిస్టర్‌లో చదువు మానేసి వెళ్లిపోయే పిల్లల్లో తెలివి తక్కువై వెళ్లేవాళ్లు కొద్దిమందే. ఆగస్టులో చేరతారు, దసరా సెలవులకి ఊరెళతారు, సెలవులయ్యాక రారు. ఫోన్ చేస్తే వాళ్ల నాన్నగారు ఎత్తి "వాడికి అక్కడ పడట్లేదండీ" అంటారు. ఆ సీటు ఆ ఏడాదికి ఖాళీగా మిగిలిపోతుంది. దాని కోసం ఎదురుచూసిన మరో పిల్లవాడికి దక్కదు, వెళ్లిపోయిన పిల్లవాడికి ఏడాది పోతుంది. విన్సెంట్ టింటో అనే అమెరికన్ ఆచార్యుడు 1975లోనే ఈ విషయం మీద పెద్ద వ్యాసం రాశాడు. విద్యార్థి ఉంటాడా వెళ్లిపోతాడా అన్నది మార్కులతో పాటు, అక్కడి చదువులోనూ అక్కడి మనుషుల్లోనూ ఎంతవరకు కలిసిపోయాడన్న దాని మీద ఆధారపడుతుందని ఆయన వాదన. మా అనుభవమూ అదే. అందుకే సబ్జెక్టు ప్రశ్నలన్నీ అయ్యాక ప్యానెల్‌లో ఎవరో ఒకరు "మొదటిసారా ఇంటికి దూరంగా ఉండటం?" అని మామూలుగా అడిగినట్టే అడుగుతారు. ఆ ప్రశ్న కుశలం కోసం అడిగింది కాదు. నీకు బెంగ కలిగిందా లేదా అని కూడా కాదు. బెంగ కలిగినప్పుడు నువ్వేం చేస్తావో తెలుసుకోవాలని.

ఇక్కడ నీలాంటి పిల్లలు ఎక్కువగా చెప్పే జవాబు ఒకటుంది. "నాకు అలవాటే సర్, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉన్నాను." నీ ప్రశ్నలోనూ ఈ వాక్యం ఉంది, ఇదే చెబుదామనుకుంటున్నట్టున్నావు. ఈ జవాబు మాకు సరిపోదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంటర్వ్యూ గట్టెక్కినా, చేరిన తర్వాత నిన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదే.

ఇంటర్ హాస్టల్లో నీ రోజంతా ఇంకొకరి చేతిలో ఉంటుంది. తెల్లారకముందే బెల్లు కొడతారు. బాత్రూమ్ దగ్గర బకెట్ పట్టుకుని లైన్లో నిలబడతావు. స్టడీ అవర్, క్లాసు, వీకెండ్ టెస్టు, మళ్లీ స్టడీ అవర్. ఫోన్ చేతికివ్వరు. వారానికోసారి వార్డెన్ ఫోన్ దగ్గర వరుసలో నిలబడి ఇంటికి మాట్లాడతావు, వెనకున్నవాడు "తొందరగా కానీయరా" అంటుంటాడు. ఔటింగ్ అంటే పేరెంట్ వచ్చి సంతకం పెట్టాలి. ఏడుపొచ్చినా ఏడవడానికి టైమ్ ఉండదు. అది కష్టమే, కానీ ఆ కష్టంలో నువ్వు నిర్ణయించుకోవాల్సింది ఏమీ లేదు. నువ్వు లేవకపోతే ఎవరో వచ్చి లేపుతారు. తినకపోతే ఎవరో ఒకరు చూస్తారు.

యూనివర్సిటీ హాస్టల్లో ఎవరూ లేపరు. క్లాసుకి వెళ్లకపోతే అటెండెన్స్ పోతుంది తప్ప ఆ పూట వచ్చి తలుపు కొట్టేవాళ్లుండరు. ఫోన్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు గంటల నుంచి అర్ధరాత్రి దాకా కాలం మొత్తం నీదే. మెస్ టైమ్ దాటితే దాటిందే. అప్పుడు వచ్చే బెంగ వేరుగా ఉంటుంది. ఏడుపు రాకపోవచ్చు. పొద్దస్తమానం అమ్మతో వీడియో కాల్‌లో ఉండటం, పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులోనే బతకడం, పక్క గది పిల్లలతో మాట కలపకపోవడం, మధ్యాహ్నం దాకా పడుకోవడం, ఇలా ఉంటుంది దాని రూపు. సిద్దిపేట, నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి దగ్గర జిల్లాల పిల్లలకి ఇంకో రకం. శుక్రవారం మధ్యాహ్నం బ్యాగు సర్దుకుని జేబీఎస్ బస్‌స్టేషన్‌కో, ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌కో చేరతారు, సోమవారం ఉదయం క్లాసు పోగొట్టుకుని తిరిగొస్తారు. ఏడాది తిరిగేసరికి వాళ్లకి క్యాంపస్‌లో పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు. ఇంటర్ హాస్టల్లో ఎంతో గట్టిగా నిలబడ్డ పిల్లలు, ఎప్పుడేం చేయాలో చెప్పేవాళ్లు లేని చోట కూలబడిపోవడం నేను చూశాను. అందుకే "అలవాటే సర్" అనగానే ప్యానెల్‌లో ఈ తేడా తెలిసిన మనిషి ఉంటే, "అక్కడ బెల్లు ఉంది, ఇక్కడ లేదు కదా, ఏం చేస్తావు?" అని తప్పకుండా అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకి నీ దగ్గర జవాబు ఉండాలి.

ఇక నీ కథ దగ్గరికి వద్దాం. నువ్వు రాసిన దాంట్లో ముక్కాలు భాగం ఏడుపు గురించీ దసరా గొడవ గురించీ ఉంది. చివర్లో ఒక్క వాక్యం రాశావు: "సంక్రాంతికి వెళ్లినప్పుడు మాత్రం నేనే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాను." దాన్ని ఏదో అదనపు సమాచారంలా వదిలేశావు. నేను ప్యానెల్‌లో ఉంటే ఆ వాక్యం దగ్గరే ఆగిపోతాను. దసరాకి నాన్న చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చిన పిల్లవాడు, మూడు నెలలు తిరక్కుండా సంక్రాంతి అయిన మర్నాడు, ఇంట్లో ఇంకా అరిసెలు, పొంగడాలు ఉండగానే, తనంతట తానే రైలెక్కాడు. ఈ మధ్యలో ఏం జరిగింది? నువ్వు చెప్పాల్సింది అదే.

ఆ మధ్యలో జరిగింది కూడా నీ ప్రశ్నలోనే దొరికింది. మెస్‌లో వడ్డించే ఆమెది మీ వైపే. నువ్వు అన్నం సగంలో వదిలేసి లేవడం చూసి, "ఏటి బావూ, అన్నం ఒగ్గేసినావేటి?" అని అడిగింది. మీ యాస విని అందరూ నవ్వుతున్న చోట ఆ యాసలోనే నిన్నొకరు పలకరించారు. రెండోది, నీ రూమ్మేట్‌కి ట్రిగొనామెట్రీ ఎక్కకపోతే స్టడీ అవర్ అయ్యాక నువ్వు చెప్పడం మొదలుపెట్టావు. ఈ రెండూ నువ్వు దాచుకోవాల్సినవి కావు. ఇవే నీ జవాబు.

ఇలా చెప్పి చూడు:

"మొదటి రెండు నెలలు చాలా కష్టమైంది సర్. రాత్రిళ్లు ఏడ్చేవాణ్ని. దసరాకి ఇంటికెళ్లి తిరిగి రానన్నాను, నాన్న తీసుకొచ్చి దింపారు. మా మెస్‌లో పనిచేసే ఆమెది మా జిల్లానే. నేను సరిగ్గా తినట్లేదని గమనించి రోజూ పలకరించేది. ఆమెతో మాట్లాడటం మొదలుపెట్టాక మిగతావాళ్లతో కూడా మాట్లాడాలనిపించింది. మా రూమ్మేట్‌కి ట్రిగొనామెట్రీ కష్టంగా ఉంటే రాత్రిళ్లు చెప్పేవాణ్ని. సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనొక్కణ్నే తిరిగొచ్చాను. ఇప్పటికీ ఇల్లు గుర్తొస్తుంది, పండగలప్పుడు ఎక్కువగా. కానీ గదిలో కూర్చుంటే ఎక్కువవుతుందని, ఎవరితోనైనా కలిసి పనిచేస్తే తగ్గుతుందని నాకు తెలిసింది."

నిమిషం కూడా పట్టదు. ఇందులో ఏడుపు ఒక్క వాక్యమే, మిగతాదంతా నువ్వు చేసింది. "ఇప్పటికీ గుర్తొస్తుంది" అన్న మాట తీసేయకు. బెంగ పూర్తిగా పోయిందంటే నమ్మడం కష్టం, ఉందని చెబుతూనే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలుసంటే నమ్ముతాం. నేను రాసిన వాక్యాలు బట్టీ పట్టకు. సంగతుల వరస గుర్తుంచుకుంటే చాలు, మాటలు ఆ పూట వచ్చినవే మాట్లాడు. బట్టీ పట్టిన జవాబు మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. కళ్లు పైకప్పు వైపు పోతాయి, గొంతు ఒకే తీరుగా సాగుతుంది.

అబ్బాయివని సంకోచిస్తున్నావు కదా. ప్యానెల్‌లో ఉన్నవాళ్లలో చాలామంది కూడా ఒకప్పుడు ఏదో ఊరి నుంచి ట్రంకుపెట్టె పట్టుకుని హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో హాస్టల్‌కి వచ్చినవాళ్లే. మగపిల్లలు బెంగని నోటితో చెప్పకపోవడం వల్లే మాకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆడపిల్లలు కనీసం పక్కమంచం అమ్మాయితో చెప్పుకుంటారు. మగపిల్లలు క్లాసులు మానేసి, ఆటల్లోనో ఫోన్‌లోనో పడి, సెమిస్టర్ చివర్లో బ్యాక్‌లాగ్‌లతో మా ముందుకొస్తారు. ఏడ్చానని నలుగురి ముందూ మామూలు గొంతుతో చెప్పగలిగిన అబ్బాయిని చూస్తే నాకు భరోసా కలుగుతుంది. రేపు కష్టం వస్తే ఇతను చెబుతాడని.

చెబుతుండగా గొంతు పట్టేస్తే భయపడకు. ఆగి, బల్ల మీద నీళ్లుంటే తాగి, "సారీ సర్, ఒక్క నిమిషం" అని మళ్లీ మొదలుపెట్టు. దానికి ఎవరూ మార్కులు తగ్గించరు. అయితే ఒక మాట. బెంగతో పాటు వేరే పెద్ద దుఃఖం కలిసి ఉంటే, ఇంట్లో ఎవరైనా ఈ మధ్యే పోవడం లాంటిది, ఆ కథ ఎత్తుకోవాల్సిన పని లేదు. ఇంకా పచ్చిగా ఉన్న బాధని తెలియని మనుషుల ముందు విప్పమని నిన్నెవరూ అడగకూడదు. అప్పుడు దూరంగా ఉండటం గురించి వేరే చిన్న సంగతి ఏదైనా చెప్పు.

జవాబు చెప్పేటప్పుడు కాలేజీనీ వార్డెన్‌నీ తిట్టడం మొదలుపెట్టకు. వాళ్ల తప్పు ఉండే ఉంటుంది, నేను కాదనను. కానీ ఉన్న కాసేపూ ఫిర్యాదుకే సరిపోతే నీ గురించి మాకేం తెలుస్తుంది? అలాగే ఊరిని తక్కువ చేసి మాట్లాడకు. "మా ఊళ్లో ఏమీ లేదు సర్, అందుకే బయటపడాలి" అని చాలామంది అంటారు. మమ్మల్ని మెప్పించాలనే అంటారు కానీ వింటుంటే బాధగా ఉంటుంది. ఊరి మీద ప్రేమ ఉన్నవాడికే బెంగ. ఆ ప్రేమ దాచక్కర్లేదు.

దీని తర్వాత వచ్చే ప్రశ్నలు కొన్ని నాకు తెలుసు. "మరి ఇంటి దగ్గరే విశాఖపట్నంలో చదవొచ్చు కదా?" అంటారు. దీనికి జవాబు కోర్సులో ఉండాలి. యూజీఈఈ ద్వారా వెళ్లేది బీటెక్‌తో పాటు రీసెర్చ్ ద్వారా ఎంఎస్ కూడా కలిసిన అయిదేళ్ల చదువు. అది ఎందుకు కావాలో, ఏ ప్రశ్న నిన్ను వెంటాడుతోందో చెప్పు. "పేరున్న కాలేజీ, ప్లేస్‌మెంట్ బాగుంటుంది" అన్నది అయిదేళ్లు ఇంటికి దూరంగా ఉండటానికి చాలే కారణం కాదని నా అభిప్రాయం. అక్కడ ఇంటర్వ్యూలో ప్రధానంగా నీ ఆలోచన తీరు, గణితం, సైన్సు చూస్తారు కాబట్టి ఈ బెంగ ప్రశ్న రాకపోయినా ఆశ్చర్యపోకు. రాకపోతే నువ్వుగా తీయక్కర్లేదు. అజీమ్ ప్రేమ్‌జీలో నీ గురించీ, నీ చుట్టూ ఉన్న సమాజం గురించీ మాట్లాడే అవకాశం ఎక్కువ, అక్కడ ఇది సహజంగానే వస్తుంది.

"అమ్మకి ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తే?" ఇది కొంచెం ఇరుకున పెట్టే ప్రశ్న. "వెంటనే వెళ్లిపోతాను" అన్నా, "చదువే ముఖ్యం, వెళ్లను" అన్నా అతకదు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఆపద వస్తే ముందు ఎవరు చూసుకుంటారు, ఎలాంటప్పుడు నువ్వు వెళ్లక తప్పదు అన్నది అమ్మానాన్నలతో నిజంగా మాట్లాడి పెట్టుకో. ఇంటర్వ్యూ కోసమనే కాదు, ఎలాగూ ఆ మాట ఒకరోజు అనుకోవాల్సిందే. మాట్లాడిన పిల్లల జవాబు తొణక్కుండా ఉంటుంది.

"బెల్లు లేని చోట ఏం చేస్తావు?" అన్నదానికి పెద్ద ప్రణాళికలు చెప్పకు. మొదటిసారి ఇంటికెళ్లేది దసరాకేనని ముందే అనుకున్నాను, ఇంటికి రోజూ రాత్రి భోజనం తర్వాత ఒక్కసారి మాట్లాడతాను, గణితమో ఆటలో ఏదో ఒక గుంపులో మొదటి నెలలోనే చేరతాను, ఇలా నువ్వు నిజంగా చేయదలిచిన రెండు మూడు చిన్న పనులు చెబితే చాలు. చేయని పని మాత్రం చెప్పకు.

ఆఖర్న "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటారు. అప్పుడు అడగడానికి నీకు మంచి ప్రశ్న ఉంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో కొత్తవాళ్లకి మొదట మూడు వారాల ఇండక్షన్, అంటే కొత్త చోటికి అలవాటు చేసే కార్యక్రమం, ఉండాలని సాంకేతిక విద్యని పర్యవేక్షించే ఏఐసీటీఈ ఒక నమూనా రూపొందించింది. విశ్వవిద్యాలయాల్ని పర్యవేక్షించే యూజీసీ కూడా 2019లో దీక్షారంభ్ పేరుతో అలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. కాబట్టి "ఇండక్షన్ అయిపోయాక కూడా మొదటి సెమిస్టర్ అంతా పలకరించే సీనియర్ మెంటర్‌గానీ, ఫ్యాకల్టీ అడ్వైజర్‌గానీ ఉంటారా సర్?" అని అడుగు. జవాబు నీకు నిజంగా ఉపయోగపడుతుంది, ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవడానికి కూడా.

ఇంగ్లీషు గురించి నువ్వు అడగలేదు కానీ నీ భయంలో సగం అదే అయ్యుంటుందని అనుకుంటున్నాను. లెక్కల గురించి ఇంగ్లీషులో చెప్పడం తేలిక, మనసులో మాట చెప్పడం కష్టం. చిన్న వాక్యాల్లో చెప్పు. ఐ క్రైడ్ ఎ లాట్ ఇన్ ద ఫస్ట్ టూ మంత్స్. మై ఫాదర్ బ్రాట్ మీ బ్యాక్. ఇంత సూటిగా ఉన్నా చాలు, అందులో లోపమేమీ లేదు. మరీ మాట దొరక్కపోతే "ఈ ఒక్కటి తెలుగులో చెప్పొచ్చా?" అని అడుగు. హైదరాబాద్‌లో ప్యానెల్‌లో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండే అవకాశం ఎక్కువ. నేను కూర్చున్న చోట అలా అడిగినవాళ్లని ఎప్పుడూ కాదనలేదు.

అమెరికా వెళ్లేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్లకో హెచ్చరిక. అక్కడి కాలేజీల తరఫున పూర్వ విద్యార్థులు చేసే ఇంటర్వ్యూల్లో ఈ సంగతులు హాయిగా మాట్లాడుకోవచ్చు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరిగే వీసా ఇంటర్వ్యూ పూర్తిగా వేరు. అక్కడ ఆఫీసరు ముఖ్యంగా చూసేది నువ్వు నిజంగా చదువు కోసమే వెళుతున్నావా, ఖర్చు ఎవరు పెడుతున్నారు, చదువయ్యాక తిరిగొస్తావా అన్నవి. అడిగినదానికి అంతవరకే సమాధానం చెప్పాలి. కాలేజీ ఇంటర్వ్యూకి తయారుచేసుకున్న కథని అక్కడ మొదలుపెట్టవద్దు.

ఇప్పుడు ఇంటర్వ్యూ సంగతి కాసేపు పక్కనపెడదాం. సీటు వచ్చి చేరాక మొదటి వారాల్లో నీకు మళ్లీ బెంగ వస్తుంది, గచ్చిబౌలి అయినా బెంగళూరు అయినా. హైదరాబాద్ ఇప్పుడు తెలిసిన ఊరే కదా అనుకుంటావు, కానీ రూమ్మేట్ రాజస్థాన్ వాడో బిహార్ వాడో అయితే గదిలో హిందీ, మెస్‌లో రాత్రిపూట చపాతీ, క్లాసులో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడాలంటే వెతుక్కోవాలి. తెలుగువాళ్లంతా ఒక గుంపు కట్టడం కూడా చూస్తావు. ఆ గుంపులో ఉండు, తప్పులేదు, కానీ భోజనం రోజుకి ఒక పూటైనా వేరేవాళ్లతో చెయ్యి.

అందరూ బాగానే ఉన్నారు, నాకొక్కడికే ఇలా ఉంది అనిపించడం బెంగలో అన్నిటికంటే చెడ్డ భాగం. దీని మీద గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. మొదటి ఏడాది విద్యార్థులకి సీనియర్ల అనుభవాలు చదివించారు. మాకూ మొదట్లో ఇక్కడ పరాయివాళ్లమనే అనిపించింది, కొన్నాళ్లకి తగ్గింది అన్నది వాటి సారాంశం. చేసింది అంతే, ఒక గంట పని. కానీ ఆ తర్వాత మూడేళ్ల పాటు నల్లజాతి విద్యార్థుల మార్కులు, అది చదవని తోటి నల్లజాతి విద్యార్థులతో పోలిస్తే మెరుగుపడ్డాయి. అలాంటి చోట తాము ఇముడుతామా అన్న అనుమానం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. పల్లె నుంచి, ప్రభుత్వ బడి నుంచి, యాసతో వచ్చే మన పిల్లలకి ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా? చేరిన మొదటి వారంలోనే ఒక సీనియర్‌ని పట్టుకుని "మీకు మొదట్లో ఎలా ఉండేది?" అని అడుగు. చాలామంది చెబుతారు, ఎవరైనా అడగాలనే ఎదురుచూస్తుంటారు.

ఇంటికి ఫోన్ గురించి అమ్మతో ముందే మాట్లాడు. నువ్వు కుదురుకుంటున్న రోజున అమ్మ ఫోన్‌లో ఏడిస్తే నువ్వు మళ్లీ మొదటికొస్తావు. అమ్మది తప్పు కాదు. "అమ్మా, మొదటి నెల నువ్వు ఏడవకుండా మాట్లాడు, నేను దసరాకి వచ్చాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం" అని చెప్పు. నాన్నగారికి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది, నిన్ను దింపి ఒక్కరే పలాస దాకా వెళ్లారు కదా.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోకు. బెంగ వస్తూ పోతూ ఉంటుంది, పనిలో పడితే కాసేపు మరిచిపోతాం. అలా కాకుండా రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఏ పని మీదా మనసు పోకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది బెంగ అని సరిపెట్టుకోకు. క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, లేదా 14416కి ఫోన్ చెయ్యి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇదివరకే నువ్వు ఎవరైనా డాక్టరు దగ్గర చికిత్స తీసుకుని ఉంటే ఆ వివరం ఇంటర్వ్యూలో చెప్పాల్సిన బాధ్యత నీకు లేదు. అది నీ సొంత విషయం.

ఇక నీ చివరి ప్రశ్న. దరఖాస్తులో రాసిన వ్యాసంలో కూడా హాస్టల్ సంగతే రాశావు, ఇంటర్వ్యూలో మళ్లీ అదే చెబితే బాగుంటుందా అన్నావు. బాగుంటుంది, అయితే ఉన్నదున్నట్టు అప్పజెప్పకు. నీ వ్యాసం వాళ్ల ముందు ఉండవచ్చు, వాళ్లు అది చదివే అడుగుతుండవచ్చు. వ్యాసం ఒకసారి తీసి చూసుకో. అందులో దసరా గురించి రాసి ఉంటే ఇక్కడ సంక్రాంతి దగ్గర మొదలుపెట్టు. అందులో రూమ్మేట్ ఉంటే ఇక్కడ మెస్‌లో ఆమె గురించి చెప్పు. తేదీలూ నెలలూ మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉండాలి. వెళ్లే ముందు ఒకసారి మీ లెక్చరర్లలో నువ్వు కాస్త చనువుగా ఉండేవాళ్ల ఎదురుగా కూర్చుని ఈ జవాబు పైకి చెప్పు. విన్నాక వాళ్లని సలహా అడగకు, ఇంకో ప్రశ్న అడగమను. ఆ ప్రశ్నకి నీ దగ్గర మాట లేకపోతే, ఇంటర్వ్యూకి వెళ్లేలోపు దాని గురించే ఆలోచించు.